చీకటి ఎవరి వంతు?

మా తండా శంషాబాద్‌కు, మహేశ్వరానికి నడుమ ఉంది. పొద్దుగూకినంక వాకిట్లో నిలబడితే ఉత్తరాన ఆకాశం అంచున పసుపు వెలుగు పరుచుకొని కనిపిస్తుంది. అది విమానాశ్రయం. మంచు పడే రాత్రుల్లో ఇంకొకటి వినిపిస్తుంది. మహేశ్వరం దగ్గర 765 కిలోవోల్టుల పెద్ద సబ్‌స్టేషన్ ఉంది. మహారాష్ట్రలోని వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా దానికి కరెంటు వస్తుంది. ఆ సబ్‌స్టేషన్‌తో ముడిపడ్డ టవర్ల లైను ఒకటి మా చేల మీదుగా పోతుంది. తేమ పట్టిన రాత్రి ఆ తీగలు జుమ్మని మోగుతాయి.

ఆ వెలుగుకూ ఈ చప్పుడుకూ నడుమ మేమున్నాం. మాకు కరెంటు పోయిన రాత్రి ఆ వెలుగు పోదు, ఈ చప్పుడు ఆగదు. మా ఇళ్లే ఆరిపోతాయి.

లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాం. "మా చేతిల ఏం లేదన్నా, పైనుంచే తీసిండ్రు" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటర్‌ను అడిగితే ఆయనా పైకే చెయ్యి చూపిస్తాడు. ఆ పైన హైదరాబాద్ విద్యుత్ సౌధలో రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ ఉంది. దాని పైన బెంగళూరులో దక్షిణ ప్రాంత కేంద్రం, ఆ పైన ఢిల్లీలో జాతీయ కేంద్రం. ఇట్లా పైకి పోతూ ఉంటే చివరికి మనిషి దొరకడు, ఒక అంకె దొరుకుతుంది. ఆ అంకె 50.

ఆ అంకెతో మాకు తగాదా లేదు. దాన్ని కాపాడడానికి ఎవరి ఇల్లు చీకటి కావాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఏ న్యాయం మీద నిర్ణయిస్తున్నారు అన్నదే మా ప్రశ్న. అయితే ముందు ఆ అంకె ఏమిటో అర్థం చేసుకోవాలి. లేకపోతే మా కోపం తప్పు మనిషి మీద పడుతుంది.

కరెంటును గాదెలో జొన్నలు పోసినట్టు పోసి దాచుకోలేం. శ్రీశైలం ఎడమగట్టులోలాగ నీళ్లను మళ్లీ పైకి ఎక్కించే యంత్రాలు, కొత్తగా వస్తున్న బ్యాటరీలు కొంత దాచగలవు గానీ, వాడే మొత్తంతో పోలిస్తే అది చాలా తక్కువ. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో ఆ క్షణాన అంతే పుట్టాలి.

ఇసుర్రాయి తిప్పుతున్న ఇద్దరు ఆడవాళ్లను తలచుకోండి. కన్నంలో గింజలు గుప్పెడు గుప్పెడు పోస్తుంటే రాయి ఒక తీరున తిరుగుతుంది. ఒక్కసారే దోసిళ్లతో పోస్తే బరువెక్కి నెమ్మదిస్తుంది. ఇంకా పోస్తే ఆగిపోతుంది. దేశంలోని కరెంటు కేంద్రాలన్నీ కలిసి తిప్పే ఒకే రాయి గ్రిడ్. దాని వేగం సెకనుకు 50 ఆవృత్తులు. దాన్నే 50 హెర్ట్జ్ అంటారు. రామగుండంలోనైనా, కొత్తగూడెంలోనైనా థర్మల్ టర్బైన్లు నిమిషానికి 3,000 సార్లు తిరిగేది అందుకే. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఇవన్నీ కలిసి నెమ్మదిస్తాయి.

ఆ వేగాన్ని 49.90కి, 50.05కి మధ్య నిలపాలని నియమం. అందుకోసం లోడ్ డిస్పాచ్ వాళ్లు రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏ కేంద్రం ఎంత ఇవ్వాలో ముందురోజే లెక్క వేస్తారు. చౌకగా వచ్చే కరెంటును ముందు తీసుకుంటారు, ఖరీదైనదాన్ని తర్వాత. ఆ లెక్క తప్పి, వేగం 49.4కు పడిపోతే సబ్‌స్టేషన్లలో రిలేలు ఎవరినీ అడగకుండా కొన్ని ఫీడర్లను కోసేస్తాయి. ఇంకా పడితే ఇంకొన్ని పోతాయి.

కోయకపోతే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో దేశం చూసింది. మొదటిరోజు ఉత్తర గ్రిడ్ కూలింది. రెండోరోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం చీకటైంది. దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో కలిసి తిరగడం లేదు కాబట్టి మనకు ఆ దెబ్బ తగల్లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మనమూ ఆ రాయికి చెయ్యి కలిపాం. ఇప్పుడు ఎక్కడో పంజాబ్‌లో జరిగే తప్పు మన బల్బును తాకుతుంది. మన తప్పు వాళ్ల బల్బును తాకుతుంది.

అందుచేత కోత దానికదిగా అన్యాయం అని మేము అనం. అందరూ మునిగిపోకుండా కొందరి బరువును దించక తప్పని ఘడియ వస్తుంది. ఆ ఘడియలో బటన్ నొక్కే ఇంజనీరు చేతిలో నిమిషాలే ఉంటాయి. ఆయన దుర్మార్గుడని మేము అనుకోవడం లేదు.

బరువు దించడం మా జాతికి తెలిసిన పనే. మా తాతల తాతలు లదేణి మీద బతికారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం తిరిగారు. మా దాది ఒక మాట చెప్పేది: బిడారులో ఒక ఎద్దు అలిసిపోతే దాని గోనె తీసి దారిలో పారేయరు, తలా కొంచెం మిగతా ఎడ్ల మీద వేస్తారు. అప్పుడు బిడారు కొంచెం నెమ్మదిగా నడుస్తుంది గానీ అందరూ ఊరు చేరతారు. లోడ్ షెడ్డింగ్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు మాకు ఆ ఎద్దే గుర్తొచ్చింది. అయితే ఇక్కడ బరువు తలా కొంచెం దిగడం లేదు. ఒకే ఎద్దు మెడ మీద పడుతోంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2012, 2013 సంవత్సరాల కరెంటు కరువు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు కోతకు మెట్లు ఉండేవి. పల్లెలకు అందరికంటే ఎక్కువ, మండల కేంద్రాలకు కొంచెం తక్కువ, మున్సిపాలిటీలకు ఇంకా తక్కువ, హైదరాబాద్‌కు అన్నిటికన్నా తక్కువ. పరిశ్రమలకు కూడా పవర్ హాలిడేలు పెట్టారు, ఆ మాట దాచడం న్యాయం కాదు. ఇళ్ల విషయానికి వస్తే మాత్రం, ఎంత చిన్న ఊరైతే అంత పెద్ద చీకటి.

ఇప్పుడు ఆనాటి రోజులు లేవు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తామని ప్రకటించారు. 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఇవి మాకు మేలు చేశాయి. కానీ 2025 మార్చిలో రాష్ట్రం వాడకం ఒక దశలో 17 వేల మెగావాట్లు దాటింది. ఏసీలు పెరుగుతున్నాయి, బోర్లు పెరుగుతున్నాయి. ఎండాకాలం సాయంత్రం సూర్యుడితో పాటు సోలార్ కరెంటు దిగిపోయి, అప్పుడే ఊళ్లలో దీపాలు, పట్నంలో ఏసీలు పడే గంట ఉంటుంది. ఆ గంటలో కొరత వస్తే ముందు పోయేది ఎవరిది అన్న వరస మా అనుభవంలో మారలేదు.

ఈ వరసను సమర్థించే వాదనలు మూడు విన్నాం. వాటిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

మొదటి వాదన ప్రాణాలది. విమానాశ్రయానికి కరెంటు తీస్తే దిగుతున్న విమానం ఏం కావాలి? ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఏం కావాలి? ఇది నిజం. రన్‌వే దీపాలు, రాడార్, ఆసుపత్రి, తాగునీటి పంపులు ముందు నిలవాలి. మాలో ఎవరూ కాదనరు. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మా పిల్లలు కొందరు అందులోనే సామాను మోస్తున్నారు, ఊడుస్తున్నారు, టాక్సీ నడుపుతున్నారు. అది చీకటి కావాలని మేమెందుకు కోరుకుంటాం? కానీ ఫీడర్‌కు కళ్లుండవు. రన్‌వే దీపానికి ఇచ్చిన రక్షణే ఆ పక్కన కాఫీ దుకాణం బోర్డుకూ, హైవే మీద రాత్రంతా వెలిగే ప్రకటన హోర్డింగుకూ, చుట్టూ లేచిన హోటళ్ల చల్లదనానికీ దొరుకుతుంది. మా వైపు చూస్తే బాలింత తల మీది ఫ్యాను, ఐదు హార్స్‌పవర్ మోటారు ఒకే లైను మీద ఉంటే రెండూ కలిసే పోతాయి. ప్రాణం పేరుతో మొదలైన వరస చివరికి విలాసాన్ని కాపాడి, ప్రాణాన్ని వదిలేస్తుంది.

రెండో వాదన విలువది. ఒక యూనిట్ కరెంటు అందకపోతే ఎంత నష్టమో రూపాయల్లో లెక్కగట్టి, నష్టం తక్కువ ఉన్నచోట కోయాలంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నష్టాన్ని కొలిచేది ఎట్లా? ఆగిన ఉత్పత్తిని బట్టి, లేదా కరెంటు కోసం ఎంత చెల్లించడానికి సిద్ధపడతారన్నదాన్ని బట్టి. రెండు కొలతల్లోనూ పేదవాడి చీకటి చవక. చవక కాబట్టి అతనికి కోత, కోత వల్ల అతని పిల్ల చదువు వెనుకబాటు, అందువల్ల మళ్లీ పేదరికం, మళ్లీ చవక చీకటి. ఈ లెక్క తన తోకను తానే మింగే పాము.

మేము ఇంకో లెక్క వేసి చూశాం. వంద ఇళ్ల తండాలో ఇంటికి తొమ్మిది వాట్ల బల్బులు మూడు, డెబ్భై ఐదు వాట్ల ఫ్యాను ఒకటి అనుకుందాం. ఇంటికి నూరు వాట్ల చిల్లర. తండా మొత్తానికి పది కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ నడిచేటప్పుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. అంటే మా వంద ఇళ్ల రాత్రి ఏడు ఏసీల పాటి. ఆకలిగొన్నవాడి మొదటి జొన్నరొట్టెకూ, తిన్నవాడి పదో రొట్టెకూ పిండి ఖర్చు ఒకటే. ఆ రెండు రొట్టెలను ఒకే తూకంలో పెట్టి తూచడం లెక్కలో తప్పు కాకపోవచ్చు. న్యాయంలో తప్పు.

మూడో వాదన డబ్బుది. మీరు బిల్లు కట్టడం లేదు కదా, ఉచితంగా వచ్చేదానికి వంతులెందుకు అంటారు. పైకి అనని వాళ్లు కూడా లోపల అనుకుంటారు. ఇది మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ నొప్పించే వాదన. ఉచితం అనేది ఒక ప్రభుత్వం చట్టసభలో నిర్ణయించి, ఆ మేరకు సబ్సిడీ కడతానని ఒప్పుకున్న హక్కు. హక్కును ఇచ్చిన చేత్తోనే దాన్ని అడిగే గొంతును తీసుకుంటే అది దానం అవుతుంది. దానం తీసుకున్నవాడు వేళాపాళా అడగకూడదన్న పాత నీతి దాని వెనుకే వస్తుంది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు ముగ్గురు చనిపోయారు. ఆ రక్తం తర్వాత ఈ రాష్ట్రంలో కరెంటు మాట రాజకీయం అయింది. ధర గురించి అంత కొట్లాడిన మనం, వరస గురించి ఎప్పుడూ కొట్లాడలేదు.

వరస ఎక్కడ పుడుతుంది? రాత్రి ఎనిమిది గంటలకు డిస్పాచ్ గదిలో పుట్టదు. పదేళ్లు, ఇరవై ఏళ్ల ముందు ప్రణాళిక కాగితం మీద పుడుతుంది. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

ఎప్పుడైనా ఉత్పత్తి చాలకపోయే అవకాశం 0.2 శాతానికి మించకూడదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తన ప్రణాళికల్లో లెక్క పెట్టుకుంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.2 శాతం అంటే సుమారు పదిహేడున్నర గంటలు. తీగ తెగడం, ఫీజు కొట్టేయడం లాంటివి ఇందులో లేవు. ఈ అంకెలో తప్పేమీ లేదు. సున్నా గంటలు కావాలంటే ఏడాదంతా ఊరికే నిలబడి ఉండే కేంద్రాలు కట్టాలి, ఆ ఖర్చు మళ్లీ మన మీదే పడుతుంది. కానీ ఆ పదిహేడున్నర గంటలు ఎవరివి? అంకె దేశానికంతా ఒకటి. పంచేటప్పుడు ఒకరికి గంట కూడా రాదు, ఇంకొకరికి వారం రోజుల రాత్రులు వస్తాయి. సగటు ఆ సంగతి చెప్పదు.

ఇంకో నియమం ఉంది. పెద్ద లైన్లను ప్లాన్ చేసేటప్పుడు, ఏదో ఒక తీగో ఒక ట్రాన్స్‌ఫార్మరో పోయినా మిగతావి బరువు మోయాలని చూస్తారు. అందుకే హైదరాబాద్ చుట్టూ మామిడిపల్లి లాంటి చోట్ల 400 కేవీ సబ్‌స్టేషన్లు పెట్టి ఒకదానికొకటి కలిపారు. ఒక వైపు పోతే ఇంకో వైపు నుంచి వస్తుంది. మా తండాకు వచ్చే 11 కేవీ లైను ఒకటే. చివరి స్తంభం దగ్గర అది ఆగిపోతుంది. దాని మీద కొమ్మ పడితే ఇంకో దారి లేదు. ఇది ఎవరి కుట్రా కాదు. కానీ ఎవరికి రెండు దారులు, ఎవరికి ఒకటే దారి అని ఒకరోజు ఎవరో గీత గీశారు. ఆ గీత గీసినరోజు ఆ బల్ల దగ్గర మావాళ్లు లేరు.

ఇక్కడ మా తండాలో జరిగింది చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒక వానాకాలం సాయంత్రం కరెంటు పోయింది. కోతో, ఫీజు పోయిందో ఎవరికీ తెలియదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వరి ఎండుతోంది. మా తండా పిల్లవాడొకడు, పెళ్లై రెండేళ్లైనవాడు, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదికి ఎక్కాడు. ఏబీ స్విచ్ ఎప్పటినుంచో సరిగా పడదు. లైన్లో కరెంటే లేదు కదా అనుకున్నాడు. అతను ఫీజు తీగ చుడుతుండగా పైనుంచి సరఫరా వచ్చింది.

కాగితం మీద అది ప్రమాదం అయింది. అనుమతి లేకుండా ఎక్కాడు, తప్పు అతనిదే అన్నారు. ఎక్కడం తప్పే. కానీ అప్పుడు నడిచింది కోత అని, ఇంకో ఇరవై నిమిషాల్లో వస్తుందని ఒక్క మెసేజ్ వచ్చి ఉంటే అతను వాకిట్లో కూర్చొని ఎదురుచూసేవాడు. కోత అతన్ని చంపలేదు. చెప్పకుండా కోయడం చంపింది. పైన ఒక గదిలో ఆ కోత ఎన్ని నిమిషాలో తెలుసు. కింద గద్దె దగ్గర తెలియదు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పవలసిన బాధ్యత ఒకటుంటుంది. దానికి కొత్త లైను అక్కరలేదు, కొత్త కేంద్రం అక్కరలేదు. అవతల కూడా ఒక మనిషి ఉన్నాడని తలచుకుంటే చాలు.

ఈ మాట వచ్చినప్పుడల్లా మాలో కొందరు ఇంకో వాదన తెస్తారు. కరెంటు పుట్టేదే మా ఆదివాసుల నేలమీద, కాబట్టి ముందు మాకే ఇవ్వాలి అంటారు. ఆ వాదనలో నిజం ఎంతో చూద్దాం.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. దాని జలాశయం కింద ఆదివాసీ ఊళ్లు మునిగాయి, వాటిలో గదబల ఊళ్లున్నాయి. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460 మెగావాట్లు ఇస్తుంది. 2014లో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు అదీ అటు పోయింది. 460 మెగావాట్లు ఎవరివి అని రెండు రాష్ట్రాలు వాదించుకున్నాయి. ఆ అడవిలోని కోయలు, కొండరెడ్లు ఏ రాష్ట్రంలో ఉండాలనుకున్నారన్నది మెగావాట్లంత గట్టిగా ఎవరూ అడగలేదు. శ్రీశైలం జలాశయం నల్లమల అంచున ఉంది, అది చెంచుల అడవి. మణుగూరు దగ్గర భద్రాద్రి కేంద్రం ఉన్నది కోయల ప్రాంతం. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం చుట్టూ మా లంబాడీ తండాలే.

ఇదంతా నిజం. అయినా "ముందు మాకే" అన్న మాటను మేము ఒప్పుకోలేకపోతున్నాం. రెండు కారణాలున్నాయి. ఒకటి, సీలేరులో మునిగిన నష్టం మాది కాదు. మేము శంషాబాద్ పక్కన ఉన్న లంబాడీలం. తెలంగాణలో మేము ఎస్టీ జాబితాలో చేరింది 1976 చట్టంతో. కోయలు, గోండుల కంటే మేము ఎక్కువ అందిపుచ్చుకున్నామని వాళ్లకు మామీద ఫిర్యాదు ఉంది. వాళ్ల గాయాన్ని చూపించి మా బల్బు అడగడం మర్యాద కాదు. రెండు, గ్రిడ్‌లో కరెంటుకు ఊరిపేరు ఉండదు. సీలేరు నీళ్ల కరెంటు ఇదీ, వార్ధా నుంచి వచ్చింది ఇదీ అని విడదీయలేం. అందరిదీ ఒకే రాయి. ఆ రాయి అందరిదీ అయితే, అది ఆగినప్పటి చీకటి కూడా అందరిదీ కావాలి. వెలుగుకు ఊరిపేరు లేనప్పుడు చీకటికి మాత్రం మా తండా పేరు ఎందుకు రాశారు? మేము అడిగేది ఇంతే. మునిగినవాళ్లకు ఉన్న బాకీ వేరు, అది ఇంకా తీరలేదు. దాన్ని వాళ్లే అడుగుతారు, మేము వాళ్ల పక్కన నిలబడతాం.

మమ్మల్ని మేము కూడా చూసుకోవాలి. మా తండాలో కరెంటు వచ్చిన క్షణాన ఆటో స్టార్టర్లు పెట్టిన బోర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఆటో స్టార్టర్ తీసేయమంటే పెద్ద మోటారు ఉన్నవాడు తీయడు. తన పొలం తడిస్తే చాలు. ఒక్క ఎకరం ఉన్న ముసలమ్మ మడి ఎండినా అతనికి పట్టదు. కొందరు లైను మీద కొండీలు వేస్తారు. పండక్కి ఇంటి నిండా సీరియల్ బల్బులు కొండీతో వెలిగించి, పక్కింటి ఫ్యాను నెమ్మదిస్తే నవ్వుకున్న రోజులు మాకున్నాయి. పట్నం మాతో చేసేది మేము మా ముసలమ్మతో చేస్తున్నాం. బలం ఉన్నచోట వరస తనంతట తానే బలవంతుడి వైపు వంగుతుంది. అందుకే మంచితనాన్ని నమ్ముకుంటే సరిపోదు, వరసను రాసి గోడకు అంటించాలి.

అట్లా చేసిన చోట్లున్నాయి. దక్షిణాఫ్రికాలో ఏళ్ల తరబడి కరెంటు కొరత ఉండింది. అక్కడ కొరతకు మెట్లు పెట్టి, ఏ మెట్టులో ఏ పేటకు ఏ రోజు ఏ వేళ కోతో ముందే ప్రకటించేవారు. ధనవంతుల పేటలకూ వంతు వచ్చేది. అయితే వాళ్ల దగ్గర ఇన్వర్టర్లు, సోలార్ పలకలు ఉన్నాయి. గంటలు సమానమైనా చీకటి సమానం కాలేదు. అయినా ఎవరి వంతు ఎప్పుడో అందరికీ తెలిసింది. గుజరాత్‌లో 2003లో మొదలైన జ్యోతిగ్రామ్ పథకం మోటార్ల ఫీడర్‌నూ ఇళ్ల ఫీడర్‌నూ విడదీసింది. మోటారు ఆగినా ఇంట్లో దీపం ఉండే ఏర్పాటది. ఫీడర్‌కు కళ్లు పెట్టవచ్చని ఇది చూపిస్తుంది.

ఇప్పుడు ఇంకా సూక్ష్మంగా చేయవచ్చు. స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. వాటి గురించి మాకు భయాలున్నాయి. కానీ వాటితో ఒక మంచి పని సాధ్యం: కొరత గంటలో ఇంటిని మొత్తం ఆర్పకుండా, రెండు బల్బులు ఒక ఫ్యాను పాటి కరెంటు వదిలి మిగతాది ఆపవచ్చు. అది మా ఇంటికీ వర్తించాలి, జూబ్లీహిల్స్ ఇంటికీ వర్తించాలి. ఏసీని ఒక డిగ్రీ పెంచి పెట్టుకుంటే దాని వాడకం సుమారు 6 శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. శంషాబాద్ విమానాశ్రయంలోనే 10 మెగావాట్ల దాకా సోలార్ ఉంది. పెద్ద సంస్థలకు సొంత జనరేటర్లుంటాయి. మోయగలిగిన ఎద్దు ముందుగా కొంచెం మోయాలి. రన్‌వే దీపం ఆర్పమని మేము అడగడం లేదు. దాని పక్కన హోర్డింగు ఒక గంట ఆరితే, ఇక్కడ ఒక తండా వెలుగుతుంది అని గుర్తుపెట్టుకోమంటున్నాం.

అడగవలసినవి మూడే. ఎవరి వంతు ఎప్పుడో ముందు చెప్పండి. వంతు అందరికీ తిప్పండి. రేపటి లైన్లు గీసే బల్ల దగ్గర, చివరి స్తంభం దగ్గర బతికేవాళ్లకు ఒక కుర్చీ వేయండి.

చివరగా మా ఆచారం ఒకటి చెప్పి ముగిస్తాం. దీపావళి అమావాస్య రాత్రి మా తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు చేతిలో దీపం పట్టుకొని ఇంటింటికీ పోయి పెద్దలకు మేరా చెబుతారు. ముందు నాయక్ ఇంటికి పోతారు. అది మర్యాద, దానికి ఎవరూ నొచ్చుకోరు. కానీ నాయక్ వాకిట్లోనే ఆగిపోరు. కూలిపోయిన గోడ ఉన్న ఇల్లైనా, ముసలమ్మ ఒక్కతే ఉన్న ఇల్లైనా దీపం ఆ గడప తొక్కి తీరుతుంది. పోయిన దీపావళికి ట్రాన్స్‌ఫార్మర్ మీద పోయిన ఆ పిల్లవాడి ఇంటికి కూడా పోయారు. అతని యాడి తలుపు తీసి ఆ వెలుగులో పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఆ రాత్రి కూడా కాసేపు కరెంటు పోయింది. ఎందుకు పోయిందో మాకు ఎవరూ చెప్పలేదు.